పిల్లల కడుపున కాన్సరు: జంకు వలదు, జాగు వలదు

కడుపునొప్పి యనని బిడ్డ యే యింటను లేడు. బడికి పోవ మనసు లేనినాడు కడుపునొప్పి. పచ్చిమామిడికాయలు మితిమీరి తిన్ననాడు కడుపునొప్పి. తిరునాళ్లలో మిఠాయి తిన్న మఱునాడు కడుపునొప్పి. తల్లి వాము నమిలించును. బొడ్డుచుట్టు నాముదము రాచును. ఉప్పు మిరపకాయలతో దిష్టి తీయును. తెల్లవారునప్పటికి బిడ్డ వీధిలో గోలీ లాడుచుండును. ఇంచుమించు ప్రతి పర్యాయమును కథ యింతటితో ముగియును.

కాని యెన్నడో యొకమారు, ఎక్కడనో యొక యింట, ఆ నొప్పి ముగియదు. వారము గడచును, పక్షము గడచును. రెండు ముద్దలకే కడుపు నిండినదని బిడ్డ కంచము త్రోసివేయును. తిన్నది వాంతి యగును. బుగ్గలు జారును, కనురెప్పల లోపలి యెఱుపు తెల్లబడును. మలము తారువలె నల్లగా వెడలును. ఒకనాడు స్నానము చేయించుచున్న తల్లి చేతికి ప్రక్కటెముకల క్రింద గట్టిగా నేదియో తగులును. అట్టి బిడ్డ జీర్ణాశయమున లింఫోమా యను కాన్సరు దాగియుండవచ్చును. మన పెద్దలు రాచపుండని భయముతో పేర్కొనిన రోగజాతిలో నిది యొక శాఖ. దీనిని గూర్చి నేడు పాఠకులకు మనవి చేయ పూనుకొంటిమి.

ఇంత యరుదైన వ్యాధిని గూర్చి దినపత్రికలో వ్రాయనేల యని కొంద రడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. కడుపునొప్పి వచ్చిన ప్రతి బిడ్డను జూచి తలిదండ్రులు బెదరవలయునని మా యుద్దేశము కాదు. కాని యరుదగుటయే యీ వ్యాధికి కోటయైనది. అరుదు గనుక తలిదండ్రులు దాని పేరు వినియుండరు. అరుదు గనుక చిన్న యూరి వైద్యునకు వెంటనే స్ఫురింపదు. ఆ నడుమ గడచు దినములే రోగమునకు బలము. ఇంకొక ముఖ్యమైన సంగతి గలదు. బిడ్డలకు వచ్చు కాన్సరులలో మందులకు మిక్కిలి చక్కగా లొంగు వానిలో నిది యొకటి. కుదిర్పరాని రోగమును గూర్చి వ్రాయుట విలాపము. కుదురు రోగమును గూర్చి మౌనము వహించుట యపరాధము.

రోగ స్వరూపము

మన దేహమున రక్తనాళములకు తోడుగా శోషరసమను పలుచని ద్రవము ప్రవహించు సన్నని కాలువలు గలవు. ఆ కాలువల పొడవున మెడలోను, చంకలలోను, గజ్జలలోను, ఉదరములోను గ్రంథులున్నవి. కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినపుడు "గజ్జలో బిళ్ళ కట్టినది" యని మనవా రనునది యిట్టి గ్రంథి వాచుటయే. వీనియందు లింఫోసైటులను తెల్లకణములు కాపురముండి, బయటినుండి వచ్చు క్రిములతో పోరాడుచుండును. జీర్ణాశయపు గోడలందును, ప్రేవుల గోడలందును గూడ నిట్టి కావలి కణములు గలవు. వీనిలో నొక కణము, తన లోపలి జన్యుసూత్రమున గలిగిన పొరపాటుచే మతి తప్పి, కావలి మాని తన సంతతిని అదుపులేక పెంచుకొనసాగిన నది లింఫోమా యగును. కంచెయే చేను మేయుట యన నిదియే.

పెద్దలకు జీర్ణమార్గమున లింఫోమా వచ్చినచో నది తఱచుగా జీర్ణాశయముననే వచ్చును. పిల్లల విషయ మట్లు కాదు. వారికి చిన్నప్రేవు పెద్దప్రేవులో కలియు తావున, అనగా కుడి పొత్తికడుపున, నిది యెక్కువ. జీర్ణాశయమున మిక్కిలి తక్కువ. వచ్చినపుడు ముఖ్యముగా మూడు తెగలలో నొకటిగా నుండును. మొదటిది బర్కిట్ లింఫోమా. రెండవది పెద్ద బి-కణముల లింఫోమా. మూడవది మాల్ట్ లింఫోమా యను మందగతి గలది. మొదటి రెండును వేగవంతములు. మూడవదానిని గూర్చి తరువాత ప్రత్యేకముగా చెప్పెదము.

బర్కిట్ లింఫోమా వేగమును దలచిన నాశ్చర్యము కలుగును. మానవునకు వచ్చు కాన్సరులలో నింత త్వరగా పెరుగునది వేఱొకటి లేదనవచ్చును. దాని కణసమూహము ఒకటి రెండు దినములలో రెట్టింపగును. చదరంగపు గడులలో నొక్కొక్క గడికి గింజలను రెట్టింపుచేయుచు పోయిన రాజుగారి గాదె యేమైనదో మన పిల్లలకు గూడ దెలియును. ఈ వేగమునకు కారణము కనుగొనబడినది. ఎనిమిదవ క్రోమోజోములోని యొక ముక్క, సామాన్యముగా, పదునాల్గవ క్రోమోజోమునకు మాఱి యతుకుకొనును. ఆ ముక్కలో 'మిక్' అను జన్యువు గలదు. కణమును పెరుగుమని యాజ్ఞాపించుట దాని పని. క్రొత్త తావున నది తలుపు విరిగిన తూమువలె నిరంతరము తెఱచియుండును; ఇక ప్రవాహమునకు నాపు లేదు.

ఈ రోగమునకు పేరు పెట్టబడిన డెనిస్ బర్కిట్ ఐర్లండు దేశీయుడు. ఆఫ్రికాలోని ఉగాండాలో శస్త్రవైద్యుడు. 1957లో కంపాలా నగరపు ములాగో ఆసుపత్రిలో, దవడల నాలుగు వైపులను వాపులు గల యొక బాలుని జూచి యాయన విస్మయ మందెను. పిదప నట్టి బిడ్డలనే మఱికొందఱిని జూచెను. వారిలో పెక్కురకు దవడలందేగాక యుదరమునను గడ్డలుండెను. 1958లో నాయన దీనిని గూర్చి తొలి వ్యాసము ప్రకటించెను. 1961లో నిరువురు మిత్రులతో గూడి, పాత మోటారు వాహనమున పదివేల మైళ్లు తిరిగి, ఆసుపత్రి వెంబడి ఆసుపత్రిని దర్శించి, యీ వ్యాధి యే తావులందున్నదో పటము గీచెను. ఆయన యుపన్యాసమును లండనులో విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, ఈ గడ్డల ముక్కలను తెప్పించి పరిశోధించి, 1964లో తన సహచరులతో గూడి వానిలో నొక వైరస్‌ను కనుగొనెను. దానికి ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని పేరు. మానవుల కాన్సరుతో సంబంధము గల వైరస్‌లలో తొట్టతొలుత గుర్తింపబడినది యిదియే. ఆఫ్రికా బిడ్డలలో దీనికి మలేరియా తోడగును. ఇతర దేశములలో నీ వ్యాధి దవడల కంటె నుదరముననే యెక్కువగా గానవచ్చును; వైరస్ జాడ యన్నింట నుండదు.

మాఱువేషములు

ఈ శత్రువు తన పేరుతో రాడు. మన దేశమున నితనికి మూడు మాఱువేషములు గలవు. మొదటిది నులిపురుగులు, ఏలికపాములు, రెండవది జీర్ణాశయపు పుండు, లేక 'గ్యాసు', మూడవది క్షయ. ఇవి మూడును మన యూళ్లలో నిత్యము గానవచ్చు వ్యాధులే. కావున వైద్యుడు మొదట వానిని తలచుట తప్పు కాదు. ఒక మందు వాడి, గుణము గనుపింపకున్నను మఱల నదే మందును వ్రాయుటయే తప్పు.

ఒక కుటుంబమును మనస్సున నిలుపుకొందము. తొమ్మిదేండ్ల బాలుడు, తండ్రి సేద్యగాడు. నొప్పి యారంభమైన వారమున ఊరి ఆరెంపీ పురుగులమందు నిచ్చెను. రెండవ వారమున యామ్లము తగ్గించు మాత్రలు. మూడవ వారమున నవ్వ బలవంతము చేయగా పసరుమందు. కొన్ని పల్లెలలో నింకను మాయని దురాచారము ననుసరించి కడుపుపై వాతలు. జ్వరము తగిలి, బిడ్డ కృశించుట జూచి, పట్టణమున నొకరు "కడుపులో క్షయ యైయుండును" అని, ముక్క తీయకయే క్షయమందుల నారంభించిరి. ఆకలి పుట్టుటకు స్టీరాయిడు మాత్రలు గూడ జేర్చిరి. అద్భుతము! నాలుగు దినములలో గడ్డ తగ్గెను, బిడ్డ లేచి కూర్చుండెను, ఇంట పండుగయైనది. మూడు వారముల పిమ్మట రోగము ద్విగుణముగా తిరిగి వచ్చెను. ఈ కథ కల్పితమే. కాని యిందలి యొక్కొక్క మెట్టును ఎక్కడనో యొకచోట జరుగునదియే.

ఈ తుదిమెట్టు మిక్కిలి ప్రమాదకరము. స్టీరాయిడు లింఫోమా కణములను తాత్కాలికముగా కరగించును. దానిచే రోగము నయమైనదను భ్రాంతి కలుగును. పిమ్మట ముక్క తీసి చూచినను అందు చచ్చిన కణములేగాని రోగపు గుర్తు స్పష్టముగా దొరకదు. పైగా గడ్డ యొక్కపెట్టున కరగినచో నందలి విషపదార్థములు రక్తమున బడి మూత్రపిండములు చెడును. కావున తలిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలసిన మొదటి సూత్రమిది: కారణము తెలియని గడ్డకు, ముక్క పరీక్ష కాకమునుపు స్టీరాయిడు వలదు. వైద్యుని యెదుట "అయ్యా, ఈ మందులో స్టీరాయిడు గలదా? ముక్క పరీక్ష చేయించిన పిమ్మట నీయరాదా?" యని వినయముగా నడుగుట యవిధేయత కాదు.

ముక్క పరీక్ష

రోగనిర్ణయమునకు దారి యేది? మొదట నుదరమునకు అల్ట్రాసౌండు పరీక్ష. దీనికి నొప్పి లేదు, వ్యయము స్వల్పము, జిల్లా కేంద్రములన్నింట లభ్యము. జీర్ణాశయపు గోడ దళసరియై యుండుట, ప్రక్కన గ్రంథులు వాచుట, కడుపున నీరు చేరుట యిందు కనబడవచ్చును. పిమ్మట ఎండోస్కోపు. ఇది చివర దీపమును కెమెరాయు గల సన్నని మెత్తని గొట్టము. బిడ్డకు మత్తు నిచ్చి, నోటిద్వారా లోనికి బంపి, జీర్ణాశయపు గోడను కన్నులార జూచి, యనుమానము గల తావులనుండి చిన్న ముక్కలు గిల్లి తీయుదురు. బయట నెక్కడను కోత యుండదు.

ఇచట నొక సూక్ష్మము గలదు. లింఫోమా తఱచుగా గోడయొక్క పై పొరలోగాక క్రింది పొరలో నల్లుకొనును. పైపైన నొక్క ముక్క గిల్లిన "వాపు మాత్రమే" యని వ్రాతపత్రము రావచ్చును. కావున పలు తావులనుండి, లోతుగా, పెక్కు ముక్కలు తీయవలెను. అనుమానము బలముగానున్నచో నొక్క పరీక్ష యనుకూలముగా వచ్చినంతమాత్రాన నూరకుండక తిరిగి తీయవలెను. ఒక్కొక్కప్పుడు కడుపులోని నీటియందో, ఎముకమూలుగయందో రోగకణములు దొరకును. అట్లైన గడ్డను ముట్టకయే నిర్ణయము సాధ్యము.

తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో జూచుటతోడనే పని ముగియదు. బర్కిట్ లింఫోమాలో నీలికణముల గుంపుల నడుమ నచ్చటచ్చట తెల్లని కణములు కనబడుటచే దానిని 'నక్షత్రాకాశము' అని వైద్యు లందురు. అంత సుందరమైన పేరు ఇంత క్రూరమైన రోగమునకు పెట్టబడినది! తరువాత కణములపై నుండు గుర్తులను రంగులచే పరీక్షింతురు. సిడి20 అను గుర్తున్నచో నది బి-కణపు జాతి. కి67 అను పరీక్షలో నించుమించు కణములన్నియు రంగు పట్టినచో నవి యన్నియు విభజన చెందుచున్నవన్నమాట. బర్కిట్ తెగకు నదియొక లక్షణము. మిక్ జన్యువు స్థానము మాఱినదా లేదా యనునదియు చూతురు.

రోగమెంతవఱకు వ్యాపించినదో తెలియుటకు స్కానులు, ఎముకమూలుగ పరీక్ష, వెన్నునీటి పరీక్ష చేయుదురు. రక్తమున యూరిక్ ఆమ్లమును, ఎల్‌డిహెచ్ అను పదార్థమును కొలుతురు. ఇన్ని పరీక్షలా యని తండ్రి విసుగు చెందవచ్చును. కాని కొలత లేని సేద్యమెట్టిదో కొలత లేని చికిత్స యట్టిది. స్వల్పముగా నున్న రోగమునకు పెద్దమోతాదు హింస. ముదిరిన రోగమునకు చిన్నమోతాదు వ్యర్థము. తగిన కేంద్రమున నీ పరీక్షలన్నియు కొలది దినములలో ముగియును. ముగియవలెను గూడ. ఈ రోగమునకు వారమన్నది చిన్న కాలము కాదు.

కత్తి కాదు, మందు

కడుపులో గడ్డ యనగానే "కోసి తీసివేయుడు" అని మనవా రందురు. ఈ వ్యాధి విషయమున నది పొరపాటు. లింఫోమా యొక్కచోట నున్నట్లు కనబడినను రక్తమునను శోషరసమునను తిరుగు కణముల వ్యాధి. జీర్ణాశయమును కోసి తీసివేసిన బిడ్డకు జీవితాంత మాహారపు చిక్కు మిగులును. కోతగాయము మానువఱకు మందు లాలస్యమగును. ఆ యాలస్యమున రోగము రెట్టింపగును. గోడ చిల్లిపడినపుడో, దారి పూర్తిగా మూసికొనినపుడో, రక్తస్రావ మాగనపుడో కత్తి యవసరము. చిన్నప్రేవులో నొక చిన్న గడ్డ మాత్రమే యుండి పూర్తిగా తీసివేయ వీలైనపుడును నదియుపకరించును. తక్కిన వారికి మందే మార్గము.

ఆ మందుల నొక్కమాఱుగా కుమ్మరింపరు. మొదటి వారమున సైక్లోఫాస్ఫమైడు, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ అను వానిని తక్కువ మోతాదున నిచ్చి గడ్డను మెల్లగా కరగింతురు. ముందే చెప్పినట్లు, గడ్డ యొకేసారి కరగిన ప్రమాదము. పుష్కలముగా సెలైను నెక్కించి, అల్లోప్యూరినాలో రాస్బురికేసో యిచ్చి, మూత్రపిండములను కాపాడుదురు. ఇక్కడ ప్రెడ్నిసొలోన్ స్టీరాయిడే గదా యని పాఠకు డడుగవచ్చును. నిజమే. రోగమును గుర్తించి, కావలి యేర్పఱచి, తోడి మందులతో నిచ్చినపుడది యౌషధము. చీకటిలో నొంటరిగా నిచ్చినపుడది వంచన. పిమ్మట డాక్సోరూబిసిన్, సైటరాబిన్, పెద్దమోతాదున మెథొట్రెక్సేటు మొదలగునవి విడతలుగా వచ్చును. రోగము మెదడునకు బ్రాకకుండ వెన్నునీటిలోనికిని మందు నెక్కింతురు. రక్తకాన్సరు గల బిడ్డలకు రెండు మూడేండ్ల చికిత్స యవసరముకాగా, దీనికి పెక్కు సందర్భములలో నాలుగైదు నెలలు, తీవ్రమైన వానికి మఱికొంత కాలము చాలును. చికిత్స కఠినము, కాని దీర్ఘము కాదు.

ఈ మెథొట్రెక్సేటు పేరు విన్న తెలుగువా డొక్కక్షణ మాగవలెను. దాని జన్మవృత్తాంతమున మనవా డొకడు గలడు.

భీమవరపు బిడ్డ

1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు తాల్చెను. ఆ ఖద్దరు ఆయన శస్త్రవైద్యాచార్యునకు కంటగింపాయెను. తక్కిన పరీక్షలందెల్ల రాణించినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టముతో నాయనను పంపిరి. ఆయన సోదరుడు స్ప్రూ యను ప్రేవుల వ్యాధిచే మరణించెను. ఆ దుఃఖమును గుండెలో మోసికొని సుబ్బారావు అమెరికా చేరెను. హార్వర్డులో ఫిస్కేతో గూడి దేహమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను; కండరముల శక్తిమర్మమును వెలికిదీసెను. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనశాలకు మాఱెను. సోదరుని గొనిపోయిన స్ప్రూ వంటి వ్యాధులందలి రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లమును ఆయన నాయకత్వమున నడచిన శాస్త్రజ్ఞులే 1945లో కృత్రిమముగా తయారుచేసిరి.

కణము విభజన చెందవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. మఱి దానినిబోలి నటించి, దాని తావున కూర్చుండి, కణమును మోసగించు పదార్థ మొకటి యున్నచో? వేగముగా పెరుగు కాన్సరు కణము ఆకలితో మాడిపోవును. ఈ యూహతో అమినోప్టెరిన్, మెథొట్రెక్సేటు అను ప్రతిపదార్థములు ఆ పరిశోధనశాలలోనే పుట్టినవి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు తీవ్రమైన రక్తకాన్సరుగల 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ నిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. అంతవఱకు బిడ్డల రక్తకాన్సరున కెట్టి మందును లేదు. ఆ యేడు ఆగస్టులోనే, 53 యేండ్ల ప్రాయమున, సుబ్బారావు కన్నుమూసెను. పిదప పదునైదేండ్లకు లోపుగనే, కిరణచికిత్సా యంత్రములు లేని యుగాండాలో బర్కిట్ మొదలగువారు మెథొట్రెక్సేటుతో బిడ్డల గడ్డలు కరగుట జూచిరి.

నేడీ మందును బర్కిట్ లింఫోమాకు దేహోపరితలపు చదరపు మీటరునకు 3 మొదలు 8 గ్రాముల వఱకు నిత్తురు. అంతటి మోతాదు మంచి కణములను గూడ చంపగలదు. కావున నొక దినము గడచిన వెంటనే ఫోలిక్ ఆమ్లమునకు దాయాదియైన ల్యూకోవొరిన్ నిచ్చి మంచి కణములను బ్రదికింతురు. రక్తమున మందుపాలు తగ్గువఱకు కొలుచుచుందురు. ఆకలి పుట్టించి శత్రువును చంపుట, అన్నము పెట్టి మిత్రుని గాచుట — రెండింటికిని మూలమైన జ్ఞానము భీమవరపు బిడ్డ చేతిమీదుగా లోకమునకు వచ్చినది. తెలుగుబిడ్డ యొకడు ఈ మందు లేటి కందక చనిపోయిన నది మనకు రెట్టింపు సిగ్గు కాదా?

ఇటీవల నింకొక యాయుధము జేరినది. సిడి20 గుర్తునే వెదకి పట్టుకొను రిటుక్సిమాబ్ అను ప్రతిదేహము. ముదిరిన స్థితిలోనున్న 328 మంది బిడ్డలపై పలుదేశములలో జరిగిన పరీక్ష ఫలితములు 2020లో వెలువడినవి. మందులు మాత్రమే పుచ్చుకొనినవారిలో మూడేండ్లకు నూటికి 82.3 మంది రోగము మఱల తలయెత్తకుండ నుండగా, రిటుక్సిమాబ్ జేర్చినవారిలో 93.9 మంది యట్లుండిరి. ముదిరిన రోగము గలవారిలోనే యింతటి ఫలితము! ఇంతకుమించిన యభయము వైద్యశాస్త్రమున తఱచుగా దొరకదు.

మందగతి గల శాఖ

మాల్ట్ లింఫోమా కథ వేఱు. ఇది పిల్లలలో నెంతయు నరుదు, మెల్లగా పెరుగును. దీని కారణమును తెలిసికొనుటకు ఆస్ట్రేలియాకు పోవలెను. 1980 ప్రాంతముల వఱకు జీర్ణాశయపు ఆమ్లములో నే క్రిమియు బ్రదుకదని వైద్యులు నమ్మిరి. పెర్తు నగరపు రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనువారు హెలికోబాక్టర్ పైలోరీ యను మెలిదిరిగిన క్రిమిని చూపిరి. లోకము నమ్మకపోగా మార్షల్ 1984లో నా క్రిమిద్రవమును తానే త్రాగి జీర్ణాశయపు వాపును తెచ్చుకొనెను. 2005లో నిరువురకును నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ క్రిమి చిరకాలము కాపురముండిన జీర్ణాశయమున కావలి కణములు గుమిగూడి, తుదకు వానిలో కొన్ని యదుపు తప్పుటయే మాల్ట్ లింఫోమా. 1993లో లండను వైద్యులు ఆరుగురు రోగులకు క్రిమిని చంపు మందులు మాత్రమే యీయగా ఐదుగురిలో లింఫోమా మాయమైనది. నేడును క్రిమి యున్న మాల్ట్ రోగికి మొదటి చికిత్స యిదియే: రెండు యాంటీబయాటిక్కులు, ఆమ్లము తగ్గించు మందు, రెండు వారములు. పిమ్మట ఎండోస్కోపుతో మఱల మఱల చూచుచుండవలెను. ఈ క్రిమి మన దేశమున మిక్కిలి సామాన్యము, చిన్ననాటనే సోకును. సోకినవారిలో అత్యధికులకు లింఫోమా రాదు. కావున భయపడ పనిలేదు. శుద్ధమైన నీరు, చేతుల శుభ్రత, మరుగుదొడ్డి యనునవి మాత్ర మెల్లవారికిని మేలు.

మన కర్తవ్యము

మందున్నది, నిర్ణయమార్గమున్నది. మఱి బిడ్డ లేల చనిపోవలె? ప్రపంచారోగ్యసంస్థ 2018లో బాలకాన్సరును గూర్చి యొక ప్రయత్న మారంభించుచు నీ ప్రశ్ననే యడిగినది. సంపన్నదేశములలో కాన్సరు సోకిన పిల్లలలో నూటికి 80 మందికి మించి బ్రదుకుచుండగా, బీదదేశములు పెక్కింట 30 మంది గూడ బ్రదుకుట లేదు. 2030 నాటికి లోకమంతటను కనీసము 60 మంది బ్రదుకవలెనని సంకల్పించి, యందులకు కొలబద్దలుగా నేర్పఱచిన ఆరు రోగములలో బర్కిట్ లింఫోమాను జేర్చిరి. ఆ కొలబద్దచే మనమును కొలువబడుచున్నారము.

మన బిడ్డలు చనిపోవుటకు కారణములు తెలియనివి కావు. ఆలస్యముగా వచ్చుట, బలహీనులై వచ్చుట, చికిత్సనడుమ సోకు జ్వరములు, చికిత్సను నడుమ విడిచి వెళ్లుట. ఈ తుది కారణము మిక్కిలి దుఃఖకరము. రెండవ విడత మందుతో గడ్డ కనబడకపోవును. జుట్టు రాలిన బిడ్డను జూచి తల్లి కంట నీరు పెట్టును. పొలమున వరి కోతకు వచ్చినది. చేతిలో రొక్కము లేదు. "నయమైనది గదా, ఇక చాలు" అని ఊరికి మఱలుదురు. కనబడని కొలది కణములు మిగిలియుండును. రెట్టింపగుటకు వానికి కొలది దినములే చాలును. తిరిగివచ్చిన రోగము మొదటి మందులకు లొంగుట దుర్లభము.

ధనము లేదనుట నిన్నటివలె పూర్తిగా నిరుత్తరమగు మాట కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ యారంభమైనప్పటినుండి బీదకుటుంబముల కాన్సరు చికిత్సకు ప్రభుత్వపు ధనము లభించుచున్నది. హైదరాబాదున 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రియు, 2000లో వెలసిన బసవతారకం ఆసుపత్రియు, విశాఖయొద్ద టాటా సంస్థవారి హోమీ భాభా ఆసుపత్రియు గలవు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి 1941 నుండి సేవచేయుచున్నది. కాని పథకపు చీటీ మందుఖర్చునే యిచ్చును. బిడ్డతో పట్టణమున నాలుగు నెలలుండు తల్లికి బస, తండ్రికి దారిఖర్చు, ఇంట మిగిలిన బిడ్డలకు కూడు, చేనిపనికి మనిషి — వీని నెవ రిత్తురు? ఇచటనే యూరి పెద్దల కర్తవ్య మారంభమగును. రథోత్సవమునకు చందా లెత్తగల గ్రామము, ఒక బిడ్డ నాలుగు నెలల చికిత్సకు తోడ్పడలేదా? కోతకాలమున నా తండ్రి చేను పంచాయతీ కోయించిన నది సత్కార్యము కాదా?

తలిదండ్రులకు మా మనవి సంగ్రహముగా నిది. రెండు వారములు మించిన కడుపునొప్పి, బరువు తగ్గుట, మానని వాంతులు, నల్లని మలము, పాలిపోయిన మొగము, చేతికి తగులు గడ్డ, ఉబ్బిన పొట్ట — వీనిలో నేది యున్నను పిల్లల వైద్యునికి చూపి యల్ట్రాసౌండు చేయించుడు. గడ్డ తగిలినపుడును, నెత్తుటి వాంతి, నల్లని మలము కనబడినపుడును రెండు వారము లాగక యానాడే వెళ్లుడు. గడ్డ గలదన్నచో ముక్క పరీక్షకు వెనుదీయకుడు. ముక్క తీసిన కాన్సరు వ్యాపించునను లోకవాదమును నమ్మకుడు. ముక్క పరీక్ష లేక మందు వలదు. మందు మొదలిడిన పిమ్మట మానుట వలదు. చికిత్సకాలమున జ్వరము వచ్చిన నర్ధరాత్రమైనను ఆసుపత్రికి గొనిపొండు; తెల్లవారనీకుడు.

ప్రభుత్వములకు మనవి యొక్కటే. ప్రతి జిల్లా ఆసుపత్రియందును పిల్లలకు ఎండోస్కోపు చేయగల వైద్యుడును, తీసిన ముక్కను వారములోపల చదివి చెప్పు యేర్పాటును ఉండవలెను. మహాభవనములు పిదప కట్టవచ్చును. సకాలమున వ్రాయబడిన యొక్క పరీక్షాపత్రము పది మేడల కంటె నొక బిడ్డ కుపకారి.

కడుపునొప్పి యనని బిడ్డ యే యింటను లేడని మొదట వ్రాసితిమి. ఆ మాటను తేలికగా వినుడు; రెండవమాఱును తేలికగానే వినుడు. ముప్పొద్దులు, మూడు వారములు వినబడిన మాత్ర మది బిడ్డ మారాము కాదు, పిలుపు. ఆ పిలుపును సకాలమున వినిన తలిదండ్రుల యింట, నాలుగైదు నెలల కష్టము గడచి, రాలిన జుట్టు మఱల మొలచి, యా బిడ్డ తిరిగి వీధిలో గోలీ లాడును.